వేలిముద్రతో పోయిన పదివేలు: ఫిర్యాదు నుంచి ఆధార్ తాళాల దాకా నా అనుభవం

నవంబర్ మొదటి వారంలో అమ్మ ఫోన్‌కి బ్యాంకు మెసేజ్ వచ్చింది. పదివేలు డెబిట్ అయ్యాయని, పక్కన ఏఈపీఎస్ అని, చివర ఆర్‌ఆర్‌ఎన్, అంటే ఆ లావాదేవీని గుర్తించే 12 అంకెల నంబరు. ఓటీపీ రాలేదు, ఎవరూ ఫోన్ చేయలేదు, అమ్మ ఏ లింకూ నొక్కలేదు. నిజానికి ఆవిడకి ఏటీఎం కార్డే లేదు.

ఏఈపీఎస్ అంటే ఊళ్లలో బ్యాంకు మిత్రల దగ్గర, చిన్న షాపుల్లో వేలిముద్ర వేసి డబ్బు తీసుకునే పద్ధతి. బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర, ఈ మూడూ ఉంటే చాలు. పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు. ఒక్కో విత్‌డ్రాయల్‌కి పరిమితి పదివేలు. ఇలాంటి మోసాల్లో తరచూ పదివేల చొప్పున పోవడానికి కారణం అదే. ఒకసారి పనిచేసిన వేలిముద్ర మర్నాడు కూడా పనిచేస్తుంది కాబట్టి, పోయిన డబ్బు సంగతి చూసేలోపు ఉన్న డబ్బుకి అడ్డు వేయాలి. ఈ వరస తెలియక చాలామంది ముందు పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తుతారు. ఆలోగా రెండో పదివేలు పోతాయి.

ఆధార్‌కి బయోమెట్రిక్ లాక్, అంటే వేలిముద్ర పనిచేయకుండా తాళం, వేస్తే ఆ అడ్డు వెంటనే పడుతుంది. కానీ దానికి ఆధార్‌కి లింకైన మొబైల్‌కి ఓటీపీ రావాలి. మైఆధార్ పోర్టల్‌లో మొబైల్ వెరిఫై చేసే పేజీ ఉంది. నంబరు కొట్టి చూస్తే, ఆధార్‌తో ఉన్నది అమ్మ ఎప్పుడో వదిలేసిన పాత నంబరని తేలింది. బ్యాంకు ఖాతాకి ఉన్నది కొత్త నంబరు, ఆధార్‌కి ఉన్నది పాతది. చాలా ఇళ్లలో పెద్దవాళ్ల పరిస్థితి ఇదే. ఆపేసిన నంబరుని 90 రోజుల తర్వాత కంపెనీలు మరొకరికి ఇచ్చేయవచ్చు. అంటే మీ ఆధార్ ఓటీపీలు ఎవరి ఫోన్‌కో పోతుండవచ్చు. ఇది ఇవాళే చూసుకోండి, పేజీ ఉచితం.

లాక్ దారి మూసుకుపోయింది కాబట్టి బ్యాంకు కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి డెబిట్ ఫ్రీజ్ పెట్టించాం. ఫ్రీజ్ పెడితే ఖాతాలోకి డబ్బు వస్తుంది, బయటికి పోదు. ఫోన్ పెట్టేసే ముందు ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోవాలి. మీరు బ్యాంకుకి ఎప్పుడు చెప్పారన్నదానికి మొదటి రుజువు అదే. తర్వాత సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. లైన్ దొరకడానికి కొంతసేపు పట్టింది. ఖాతా నంబరు, ఆర్‌ఆర్‌ఎన్, సమయం, పోయిన మొత్తం అడిగారు. కాసేపటికి అక్నాలెడ్జ్‌మెంట్ నంబరు మెసేజ్‌గా వచ్చింది. దానితో సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో మిగతా వివరాలు అదే రోజు నింపాం.

1930 మీద మరీ ఆశ పెట్టుకోవద్దు. యూపీఐలో పోయిన డబ్బు అయితే అవతలి ఖాతాలో ఉండగానే ఆపగలరు. ఏఈపీఎస్‌లో పోయింది నోట్ల రూపంలో చేతికి వెళ్లిపోతుంది, ఆపడం కష్టం. అయినా ఫిర్యాదు చేయాల్సిందే. తర్వాత బ్యాంకులో ప్రతి కాగితం మీదా ఆ నంబరు అడుగుతారు.

మర్నాడు బ్రాంచికి. కౌంటర్లో ఆయన స్క్రీన్ చూసి చెప్పిన మాట: "వేలిముద్ర పడిందంటే మీరే తీసుకుని ఉంటారమ్మా. ఇదేమన్నా కార్డా, ఇంకొకళ్లు వాడటానికి?" అమ్మ మొహం చిన్నబోయింది. డబ్బు పోయిందన్న బాధ కన్నా, తానే తీసుకుని అబద్ధం చెబుతోందన్నట్టు చూడటం ఆవిడని ఎక్కువ కుంగదీసింది. ఇంటికొచ్చాక కూడా "ఎవరికైనా ఇచ్చి మర్చిపోయానంటావా?" అని నన్నే అడిగింది.

ఆ మాటకి జవాబు ఆర్‌బీఐ నిబంధనల్లోనే ఉంది. 2017 జూలై 6న ఇచ్చిన సర్క్యులర్ ప్రకారం, అనధికార ఎలక్ట్రానిక్ లావాదేవీలో తప్పు కస్టమర్‌దని రుజువు చేయాల్సిన బాధ్యత బ్యాంకుదే. తప్పు బ్యాంకుదీ కాక, కస్టమర్‌దీ కాక మధ్యలో ఎక్కడో జరిగితే, సమాచారం అందిన రోజు కాక మూడు పనిదినాల్లోపు చెబితే కస్టమర్ నష్టం సున్నా. నాలుగు నుంచి ఏడు పనిదినాల మధ్య చెబితే కొంత మనమే భరించాలి. జన్‌ధన్ లాంటి బేసిక్ ఖాతాకి గరిష్ఠంగా 5,000, మామూలు సేవింగ్స్ ఖాతాకి 10,000. ఏడు దాటితే ఆ బ్యాంకు బోర్డు పాలసీ ఎలా ఉంటే అలా. పదివేలు పోయిన మామూలు సేవింగ్స్ ఖాతావాళ్లు నాలుగో రోజున చెబితే మొత్తం వాళ్ల నెత్తినే పడవచ్చన్నమాట. అందుకే తేదీ వేసిన రసీదుకి అంత విలువ.

ఉత్తరం రెండు ప్రతులు తీసుకెళ్లాలి. ఒకటి వాళ్లకి, రెండోదాని మీద తేదీతో బ్రాంచి ముద్ర, సంతకం. ముద్ర వేయడానికి తటపటాయిస్తారు, "సిస్టమ్‌లో ఎక్కించాం కదా" అంటారు. వేయించుకోకుండా కదలొద్దు. మరీ వేయకపోతే అదే ఉత్తరాన్ని బ్యాంకు ఈమెయిల్‌కీ, రిజిస్టర్డ్ పోస్టులోనూ పంపండి. ఉత్తరంలో డబ్బు వెనక్కి ఇమ్మనడంతో ఆపకూడదు. ఆర్‌ఆర్‌ఎన్ రాసి, ఆ లావాదేవీ ఏ బ్యాంకు ఏజెంటు దగ్గర జరిగింది, టెర్మినల్ ఐడీ, అంటే ఆ మెషీన్ నంబరు, ఎంత, ఏ ఊరు అని అడగాలి. డబ్బు తీసిన చోటు బ్యాంకుకి తెలుస్తుంది, మనకి తెలియదు. అమ్మ ఆ వేళకి ఇంట్లో ఉందని చెప్పడం కన్నా, ఆ మెషీన్ ఎక్కడో దూరాన ఉందని వాళ్ల రికార్డే చెప్పడం బలమైన రుజువు.

అదే రోజు ఇంకో కాగితం కూడా ఇచ్చాం, ఖాతాలో ఏఈపీఎస్ ఆపేయమని. ఇక్కడో ప్రమాదం ఉంది. కౌంటర్లో చాలామంది ఆధార్ డీసీడింగ్ ఫారం చేతిలో పెడతారు. అది వేరే సంగతి. ప్రభుత్వ డబ్బు, అంటే గ్యాస్ సబ్సిడీ, పీఎం కిసాన్ లాంటివి, చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ దగ్గరుండే మ్యాపర్ అనే జాబితాలో మీ ఆధార్ ఏ బ్యాంకుకి ముడిపడి ఉంటే ఆ ఖాతాలో పడతాయి. డీసీడింగ్ చేస్తే ఆ ముడి తెగుతుంది, సబ్సిడీలు ఆగుతాయి. మనకి కావల్సింది వేలిముద్రతో డబ్బు బయటికి పోకుండా ఆపడం మాత్రమే. అందుకని మేం ఇలా రాశాం: "నా ఖాతాలో ఏఈపీఎస్ డెబిట్ లావాదేవీలు నిలిపివేయగలరు. ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో ఉన్న నా ఆధార్ సీడింగ్ యథాతథంగా ఉంచగలరు." కొన్ని బ్యాంకుల యాప్‌లోనే ఏఈపీఎస్ ఆఫ్ చేసుకునే మీట ఉంది. ముందు అక్కడ వెతకండి.

మైఆధార్ పోర్టల్‌లో బ్యాంక్ సీడింగ్ స్టేటస్ అని కనిపిస్తుంది. అందులో ఒక్క బ్యాంకే చూపిస్తుంది. దాన్ని చూసి ఏఈపీఎస్ కూడా ఆ ఒక్క ఖాతాకే అనుకుంటాం. కాదు. ఆధార్ లింకు చేసిన ప్రతి బ్యాంకులోనూ, మీరు ఆపమనకపోతే, ఆ దారి తెరిచే ఉండొచ్చు. అమ్మకి ఎప్పుడో ఉపాధి హామీ కూలి కోసం తెరిచిన మరో ఖాతా ఉంది. అక్కడా ఇదే కాగితం ఇచ్చి వచ్చాం.

ఇక మొబైల్ నంబరు మార్పు. దానికి అమ్మని ఆధార్ కేంద్రానికి తీసుకెళ్లాం. కాగితాలేవీ అక్కర్లేదు, వేలిముద్ర వేస్తే చాలు. ఫీజు 2025 అక్టోబర్ 1 నుంచి 75 రూపాయలు, అంతకుముందు 50. రసీదు మీద అంతే ఉంటుంది, అంతకన్నా అడిగితే ఇవ్వక్కర్లేదు. బయోమెట్రిక్ లాక్ కూడా కేంద్రంలో వేయించుకోవచ్చని ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ చెబుతుంది. మేం వెళ్లిన చోట ఆపరేటర్ "అది ఆన్‌లైన్‌లోనే అండీ" అనేశాడు. రసీదు మీద కొత్త నంబరు అంకెలు అక్కడే, కుర్చీ లేవకముందే సరిచూసుకోండి. ఒక్క అంకె తప్పితే మళ్లీ క్యూ, మళ్లీ 75. మార్పు అయినట్టు మెసేజ్ రావడానికి వారం లోపే పట్టింది. ఆ వారమంతా ఫ్రీజ్ తీయించలేదు. ఇంటి ఖర్చు నా ఖాతాలోంచే నడిచింది.

మెసేజ్ వచ్చిన సాయంత్రం ఆథెంటికేషన్ హిస్టరీ తీశాం. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చిన కాగితం ఇదే. పోర్టల్‌లో ఓటీపీతో లాగినై, అన్ని రకాలూ ఎంచుకుని, తేదీలు ఇస్తే, గత ఆరు నెలల్లో మీ ఆధార్‌ని ఎవరు, ఎప్పుడు, దేనితో సరిచూశారో వరసగా వస్తుంది. గరిష్ఠంగా 50 ఎంట్రీలు. ఆరు నెలలు దాటితే కనిపించవు కాబట్టి వెంటనే దింపి దాచుకోవాలి.

ఆ పట్టిక చదవడం కష్టమేమీ కాదు. తేదీ, సమయం, వేలిముద్రా ఓటీపీనా, అడిగిన సంస్థ పేరు, ఫలితం, విఫలమైతే ఎర్రర్ కోడ్. డబ్బు పోయిన నిమిషం దగ్గర సక్సెస్ అని ఉంది. దాని పైన, కొద్ది నిమిషాల తేడాతో, వరసగా వేలిముద్ర ప్రయత్నాలు ఫెయిల్ అయి ఉన్నాయి. పక్కన 300 కోడ్. 300 అంటే ఇచ్చిన వేలిముద్ర రికార్డులో ఉన్నదానితో కలవలేదని. సిలికాన్‌తో చేసిన నకలు ఒకటి రెండుసార్లు తప్పి, కోణం కుదిరినప్పుడు పడుతుంది. పొలం పనితో అరిగిన వేళ్లకీ 300 వస్తుంది కాబట్టి ఇదొక్కటే రుజువు కాదు. కానీ దూరపు టెర్మినల్ ఐడీ పక్కన పెట్టి చూపిస్తే ఇక మాట్లాడటానికేం ఉండదు. నకళ్లని పట్టుకోవడానికి ఉడాయ్ 2023లో వేలిముద్ర గీతలతోపాటు వేలి బొమ్మని కూడా పోల్చి, వేలు సజీవంగా ఉందో లేదో చూసే పద్ధతి తెచ్చింది. దాన్నీ దాటుకుని పోతున్నాయంటే తాళం మనమే వేసుకోవాలి.

వేలిముద్ర ఎక్కణ్నుంచి పోతుందని అడుగుతారు. రిజిస్ట్రేషన్ దస్తావేజుల గురించి చాలామందికి తెలియదు. రిజిస్ట్రేషన్ చట్టం 32ఏ సెక్షన్ ప్రకారం ఫొటో, వేలిముద్రలు దస్తావేజు మీదే వేయాలి. అదే చట్టం 57వ సెక్షన్ ప్రకారం స్థిరాస్తి దస్తావేజులు ఉండే ఒకటో పుస్తకాన్ని అడిగిన ఎవరైనా చూడొచ్చు, నకలు తీసుకోవచ్చు. మోసం చేసి అమ్మేవాళ్ల నుంచి కొనేవాళ్లని కాపాడటానికి పెట్టిన మంచి నిబంధనే అది. ఆ పుస్తకాలు ఆన్‌లైన్‌కి ఎక్కాకే చిక్కొచ్చింది. 2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక సిమ్ కార్డుల వ్యాపారి రిజిస్ట్రేషన్ శాఖ వెబ్‌సైట్ నుంచి దస్తావేజులు దింపి, వాటి మీది వేలిముద్రలతో రబ్బరు ముద్రలు చేసి, వేల సిమ్‌లు యాక్టివేట్ చేసి దొరికిపోయాడు. ఇక ఆధార్ నంబర్లంటారా, 2017లో సీఐఎస్ అనే సంస్థ నివేదికలో, ఆంధ్రప్రదేశ్‌లోని ఉపాధి హామీ చెల్లింపుల పోర్టల్, చంద్రన్న బీమాతో సహా నాలుగు ప్రభుత్వ పోర్టళ్ల నుంచే సుమారు 13 కోట్ల ఆధార్ నంబర్లు బయటపడి ఉండొచ్చని తేల్చారు. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు మార్చుకోలేం.

ఇప్పుడు తాళాలు. రెండు వేర్వేరు తాళాలున్నాయి, వాటిని ఒకటనుకోవడం వల్లే సగం ఇబ్బందులు.

మొదటిది బయోమెట్రిక్ లాక్. పోర్టల్‌లో ఓటీపీతో లాగినై దీన్ని వేసుకోవచ్చు. వీఐడీ కూడా ఒకటి తీసి పెట్టుకోండి, రెండో తాళానికి అది కావాలి. అది ఆధార్ బదులు వాడుకోగల 16 అంకెల నంబరు, కావాలంటే మార్చుకోవచ్చు. లింకైన ఫోన్ నుంచి ఉడాయ్ నంబరు 1947కి జీవీఐడీ అని ఇంగ్లిష్ పెద్దక్షరాల్లో కొట్టి, ఒక ఖాళీ వదిలి, ఆధార్ చివరి నాలుగు అంకెలు పంపితే వస్తుంది. మర్చిపోతే ఆర్‌వీఐడీ అని అదే పద్ధతిలో పంపాలి. మెసేజ్ బ్యాలెన్స్ లేకపోతే అది పోదు.    బయోమెట్రిక్ లాక్ వేశాక వేలిముద్ర, కంటిపాప, ముఖం మూడూ పనిచేయవు. ఓటీపీ మాత్రం యథావిధిగా పనిచేస్తుంది. అంటే ఈ-ఆధార్ దించుకోవచ్చు, ఓటీపీతో జరిగే పనులన్నీ చేసుకోవచ్చు.

రెండోది ఆధార్ నంబరు లాక్. ఇది వేస్తే ఆ 12 అంకెలతో వేలిముద్రా నడవదు, ఓటీపీ కూడా నడవదు. అంతా వీఐడీతోనే. తీయాలన్నా తాజా వీఐడీ కావాలి. నా ఉద్దేశంలో ఫోన్ సొంతంగా వాడుకునేవాళ్లకే ఇది సరిపోతుంది. అమ్మలాంటి వాళ్లకి వేసి, వీఐడీ ఎక్కడో రాసి పారేస్తే, ఆస్పత్రిలో ఆరోగ్యశ్రీ కౌంటర్ దగ్గర నిలబడిపోతారు. మేం బయోమెట్రిక్ లాక్‌తో ఆగాం.

లాక్ వేసిన కొన్ని రోజులకి హిస్టరీ మళ్లీ తీసి చూస్తే ఒళ్లు జలదరించింది. తెల్లవారుజామున ఒక వేలిముద్ర ప్రయత్నం, ఫెయిల్, కోడ్ 330. బయోమెట్రిక్ లాక్ అయి ఉన్నప్పుడు వచ్చే కోడ్ అది. ఆ టైముకి అమ్మ నిద్రలో ఉంది. ఎవరో మళ్లీ ప్రయత్నించారు. ఆ పేజీ ప్రింటు కూడా ఫైల్లో చేరింది.

పది పనిదినాల్లోపు పోయిన మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమ చేయాలన్నది అదే సర్క్యులర్‌లోని మరో నిబంధన. 90 రోజుల్లోపు ఏదో ఒకటి తేల్చాలి. పది దాటాయి, జమ కాలేదు. అడిగితే "అవతలి బ్యాంకు నుంచి రిప్లై రావాలండీ." 30 రోజులు దాటాక, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కి సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాం. బ్యాంకుకి ముందుగా రాతపూర్వకంగా చెప్పి, 30 రోజులు ఆగి ఉండాలి, లేదా వాళ్ల జవాబు నచ్చకపోయి ఉండాలి. లేదంటే తిప్పికొడతారు. ముద్ర వేసిన ఉత్తరం ఇక్కడే పనికొచ్చింది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. ఏదైనా అర్థం కాకపోతే ఆర్‌బీఐ నంబరు 14448కి ఫోన్ చేయొచ్చు. ఫిర్యాదులో భావోద్వేగాలు రాయకండి. తేదీలు, ఆర్‌ఆర్‌ఎన్, ఏ నిబంధన ప్రకారం ఏం అడుగుతున్నారు, ఒక్క పేజీలో. జతగా హిస్టరీ ప్రింటు, 1930 నంబరు, ముద్ర ఉత్తరం.

అక్కడికి వెళ్లిన తర్వాత బ్రాంచి గొంతు మారింది. వాళ్లే ఫోన్ చేశారు. టెర్మినల్ వేరే రాష్ట్రంలోదని అప్పుడు చెప్పారు. కొత్త సంవత్సరం వచ్చాక పదివేలు జమయ్యాయి. నా చేతి ఖర్చు పెద్దగా లేదు: 75 రూపాయల ఫీజు, జిరాక్సులు, ప్రింట్లు, ఆటోలు.

ఎక్కువ ఇబ్బంది తాళం వేశాక రోజువారీ పనుల్లోనే. నాన్న కేంద్ర ప్రభుత్వ పెన్షనరు. నవంబర్‌లో జీవన్ ప్రమాణ్, అంటే బతికున్నట్టు ధ్రువపత్రం, ఇవ్వాలి. భయంతో ఆయన ఆధార్‌కి కూడా లాక్ వేశాం. ఫేస్ యాప్‌లో ముఖం చూపిస్తే ఎన్నిసార్లైనా ఫెయిలే, ఎందుకంటే ముఖం కూడా లాక్‌లో భాగమే. రేషన్ షాపులో ఈ-పోస్ మెషీన్ దగ్గర అమ్మకీ ఇదే. దీనికి తాత్కాలిక అన్‌లాక్ ఉంది, పది నిమిషాల పాటు తెరిచి మళ్లీ దానంతటదే మూసుకుంటుంది. క్యూలో చేరగానే చేయకూడదు. ముందు నలుగురుంటే పది నిమిషాలు అక్కడే అయిపోతాయి, సర్వర్ నెమ్మదిగా ఉంటే చెప్పక్కర్లేదు. మీ ముందు మనిషి సంచి ఎత్తుకుంటున్నప్పుడు చేయండి. ఇంకో సంగతి, స్క్రీన్ మీద తాత్కాలికం, శాశ్వతం రెండు ఎంపికలూ ఉంటాయి. షాపువాళ్లకి ఫోన్ ఇస్తే తొందరలో శాశ్వతం నొక్కేస్తారు, తాళం తీసే ఉండిపోతుంది. ఫోన్ మీ చేతిలోనే ఉంచుకోండి. ఇంటికొచ్చాక ప్రొఫైల్‌లో లాక్ గుర్తు ఉందో లేదో ఒకసారి చూడండి.

పనిలో పనిగా టెలికాం శాఖ సంచార్ సాథీ పోర్టల్‌లో అమ్మ పేరు మీద ఎన్ని సిమ్‌లున్నాయో చూశాం. ఓటీపీ కొడితే జాబితా వస్తుంది. మీది కానిదాని పక్కన అది నా నంబరు కాదు అని ఎంచుకుంటే పరిశీలనకి వెళ్తుంది. హోటళ్లకీ, అద్దె ఇళ్లకీ ఇవ్వడానికి మాస్క్‌డ్ ఆధార్ దింపుకున్నాం, చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. దాన్ని నెట్ సెంటర్లో ప్రింటు తీయిస్తే, ఫైలు వాళ్ల కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లోనో వాట్సాప్‌లోనో ఉండిపోతుంది. పాస్‌వర్డ్ ఉంది కదా అనుకోకండి. పేరులో మొదటి నాలుగు పెద్దక్షరాలు, పుట్టిన సంవత్సరం, అంతే. ఆ రెండూ పక్క కాగితం మీదే ఉంటాయి. దగ్గరుండి ఫైలు తీయించండి, రీసైకిల్ బిన్‌లోంచి కూడా.

వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023లో వచ్చింది కదా, వివరాలు బయటపెట్టిన ప్రభుత్వ శాఖ మీదే ఫిర్యాదు చేయొచ్చుగా అని ఒకరిద్దరు అన్నారు. దాని నిబంధనలు 2025 నవంబర్‌లో నోటిఫై అయ్యాయి. కానీ పౌరుల హక్కులకి సంబంధించిన ముఖ్యమైన భాగాలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువు పెట్టారు. సబ్సిడీలు, ప్రయోజనాల కోసం ప్రభుత్వం డేటా వాడుకోవడానికి సమ్మతి అడగక్కర్లేదన్న వెసులుబాటు కూడా అందులోనే ఉంది. ఈలోపు మన చేతిలో ఉన్నవి 1947, 1930, బ్యాంకు ముద్ర.

సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో అమ్మ ఫిర్యాదు స్టేటస్ ఇప్పటికీ విచారణలో ఉందనే చూపిస్తోంది.